బుడమేరు నీళ్లలో ఎనిమిది రోజులు మునిగిన విమానం రెక్క: విప్పాలా, కడిగి వాడుకోవచ్చా?

సింగ్‌నగర్ శ్రీను | 10 నవంబరు 2024

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప నేను రాసింది తక్కువ. నిన్న భవానీపురం వైపు వెళ్లి, పున్నమి ఘాట్ నుంచి సీప్లేన్ శ్రీశైలానికి లేవడం చూశాను. ఇంటికొచ్చాక ఇక ఆగలేక రాస్తున్నాను.

మా ఇంటి కింద కారు పెట్టాల్సిన షెడ్డులో 2021 నుంచి రెండు సీట్ల విమానం కడుతున్నా. కారు రోడ్డు మీదే ఉంటుంది, ఆ గొడవ ఇంట్లో ఇంకా నడుస్తోంది. రెక్క పైన ఉండే మోడల్, మొత్తం 6061-టీ6 అల్యూమినియం, పుల్ రివెట్లు (ఒక వైపు నుంచే లాగి బిగించేవి). జెనిత్ సీహెచ్ 701 తరహా అనుకోండి. కిట్ కాదు, ప్లాన్లు కొని రేకు మనమే కోసుకుని, ఒంచుకుని కట్టుకునేది. తోక భాగాలు అయిపోయాయి, ఎడమ రెక్క పూర్తిగా మూసేశాను, కుడి రెక్కకి రిబ్బులు, అంటే రెక్కకి ఆకారమిచ్చే పక్కటెముకల్లాంటి ముక్కలు, ఒంచి పెట్టుకున్నాను. ఇంజన్ ఇంకా కొనలేదు, అదొక్కటే అదృష్టం.

సెప్టెంబరు 1 ఆదివారం విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధిలోకి బుడమేరు వరద వచ్చింది. మధ్యాహ్నానికి ఛాతీ లోతు. మా ఆవిడ పిల్లల సర్టిఫికెట్లు, గ్యాస్ బండ పైకి చేరవేస్తుంటే నేను ప్లాన్ల కట్ట కోసం షెడ్డులోకి దిగబోయాను, నాన్న చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు. ఆ తర్వాత రోజులన్నీ డాబా మీదే. పైన హెలికాప్టర్లు అన్నం పొట్లాలు వదిలేవి, డ్రోన్లు తిరిగేవి. ఎగిరేవాటిని అన్నిటిని, అంత దగ్గరగా, నేను పుట్టాక చూడలేదు. నా రెక్క మాత్రం కింద మురుగులో ఉంది.

తోక అటక మీద ఉండబట్టి బతికింది. ఎడమ రెక్క స్టాండులో ముక్కు, అంటే ముందు అంచు, కిందికి పెట్టి ఉంది కాబట్టి దాదాపు మొత్తం మునిగింది. నీళ్లు తీశాక ఫైరింజన్ వాళ్లు వీధిలో ఇళ్లు కడుగుతుంటే బతిమాలి షెడ్డులోకి కూడా పైపు పెట్టించాను. పైకి చూస్తే రెక్క బాగానే ఉంది. కానీ ప్రతి రివెట్ నడుమ ఎర్ర చుక్క, వరసగా బొట్లు పెట్టినట్టు. రెక్కని కొంచెం ఎత్తి వంచితే లోపల ఇసుక జారుతున్న చప్పుడు.

డ్రెయిన్ రంధ్రాల్లోంచి మంచినీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి వాడుకోవచ్చా? లేక 1,200 పైచిలుకు రివెట్లు ఊడదీయాలా? రెండు నెలలుగా షెడ్డు తలుపు తీయబుద్ధి కావట్లేదు, నిజం చెప్పాలంటే.

పటమట ప్రాక్టికల్ | 10 నవంబరు 2024

శ్రీను గారూ, ఏమీ అనుకోవద్దు. వరదలో మునిగిన కారు సగం ధరకి ఇస్తామంటే మీరు కొంటారా? కొనరు కదా. మరి వరదలో మునిగిన రెక్క మీద కూర్చుని పైకెలా వెళ్తారండీ. కిలోల లెక్కన అమ్మేసి, ఆ షెడ్డులో కారు పెట్టుకోండి.

బ్రాడీపేట బాబాయ్ | 10 నవంబరు 2024

రెక్క మీద కూర్చోరు నాయనా, రెక్క కింద కూర్చుంటారు. సరే అది వదిలేద్దాం.

శ్రీనూ, నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను. ముందు ఆ ఎర్ర చుక్కల సంగతి. పుల్ రివెట్ ఒళ్లు అల్యూమినియం, నడుమ తెగి లోపల ఉండిపోయే మేకు ఇనుము. ఆ మేకు తుప్పే నీకు కనపడుతున్నది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ అసలు భయం అది కాదు. అసలు భయం కనపడని చోట. రిబ్బు అంచు, తొడుగు రేకు ఒకదాని మీద ఒకటి కూర్చునే చోట సన్నని సందు ఉంటుంది, అందులోకి నీళ్లు పాకుతాయి, బురద కూడా పోతుంది, బయటికి మాత్రం రాదు. ఆ సందులో గాలి ఆడదు. గాలి ఆడని తడిలో అల్యూమినియం తన మీద ఉండే రక్షణ పొరని నిలుపుకోలేదు, తుప్పులా తినబడుతుంది. బురద పట్టు వేసినట్టు అంటుకుంటే ఎండిందనుకున్నా లోపల చెమ్మ వదలదు. ఇంక ఫైరింజన్ పైపు పెట్టించానన్నావు చూడు, అది వినగానే నా గుండె జారింది. ఆ ప్రెషర్‌కి బురద ఇంకా లోపలికి వెళ్లుంటుంది.

విప్పాలి. వేరే దారి లేదు.

సింగ్‌నగర్ శ్రీను | 10 నవంబరు 2024

బాబాయ్ గారూ, మొత్తం విప్పాలా, లేక రెండు రిబ్బుల మధ్య ఉండే ఒక గది వరకు విప్పి చూసి నిర్ణయించుకోవచ్చా?

బ్రాడీపేట బాబాయ్ | 10 నవంబరు 2024

ఒక గది విప్పు. అన్నిటికన్నా తక్కువగా ఉన్న చోటు, బురద దిగే చోటు. నువ్వు ముక్కు కిందికి పెట్టావు కాబట్టి ముక్కు రేకే.

ఆటోనగర్ మేస్త్రి | 11 నవంబరు 2024

అన్నా నాకు టైపింగ్ రాదు ఫోన్‌లో మాట్లాడి పంపుతున్నా తప్పులుంటే సర్దుకోండి. నాది బస్సు బాడీ పని. విమానం గురించి నాకు తెలవదు గానీ రేకు మీద రేకు రివెట్ కొడితే ఎక్కడ తింటుందో తెలుసు, ఇరవై ఏళ్లుగా అదే విప్పుతున్నా. విప్పకముందే ఒక పని చెయ్యి. రాత్రిపూట షెడ్డులో లైట్లన్నీ తీసేసి ఒక్క ట్యూబులైటు రెక్క పక్కన నేల మీద పెట్టు. రివెట్ లైను వెంట స్టీలు స్కేలు నిలబెట్టి కన్ను రేకుకి ఆనించి చూడు. లోపల తింటే ఆ పొడి ఉబ్బుతుంది, రేకుని పైకి తోస్తుంది, రివెట్ ఉన్న చోట నొక్కుగా ఉండి రెండు రివెట్ల మధ్యలో పరుపు మాదిరి ఎత్తుగా లేస్తుంది. స్కేలు కింద నుంచి లైటు కనపడని చోటు ఎత్తు. అలా ఎత్తుగా ఉన్న చోటే ముందు విప్పు.

మెటలర్జీ మేడమ్ | 11 నవంబరు 2024

మేస్త్రి గారు చెప్పినదాన్ని మా పుస్తకాల్లో కూడా దిండు ఉబ్బినట్టు ఉబ్బడం అనే అంటారు. అల్యూమినియం తినబడి ఏర్పడే తెల్ల పొడి అసలు లోహం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, దానికి వెళ్లే దారి లేక రేకుని తోస్తుంది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 గాల్లో ఉండగా పైకప్పు ముందు భాగం ఊడిపోయింది. అప్పటికి ఆ విమానం 89,680 సార్లు లేచి దిగింది. రేకు మీద రేకు వచ్చే అతుకులో అంటింపు వదిలి, చెమ్మ చేరి, రివెట్ రంధ్రాల దగ్గర పగుళ్లు పాకాయి. చనిపోయింది ఒక ఎయిర్‌హోస్టెస్, మిగతావాళ్లు బతికి దిగారు. మీది అంత పెద్ద విమానం కాదు, లోపల గాలి నింపేదీ కాదు, కాబట్టి అదే జరుగుతుందని అనడం లేదు. అతుకు లోపల ఏం జరుగుతుందో పైనుంచి తెలియదని మాత్రమే.

ఒక మంచి సంగతి కూడా. మీది 6061. పెద్ద విమానాల్లో, చాలా కిట్లలో వాడే 2024 నంబరు అల్యూమినియంలో రాగి నాలుగు శాతం పైన ఉంటుంది, బలం ఎక్కువే గానీ తడికి తట్టుకోదు, అందుకే దాని మీద స్వచ్ఛమైన అల్యూమినియం పొర వేసి అమ్ముతారు. 6061 తడికి చాలా నయం. మీరు అతుకుల్లో ప్రైమర్ వేశారా?

సింగ్‌నగర్ శ్రీను | 11 నవంబరు 2024

వేశాను మేడమ్, రేకు రేకు కలిసే ప్రతి చోటా ఎపాక్సీ ప్రైమర్. దాదాపు ప్రతి చోటా.

మెటలర్జీ మేడమ్ | 11 నవంబరు 2024

ఆ "దాదాపు" ఏంటో తర్వాత తెలుస్తుంది లెండి.

కానూరు కుర్రాడు | 11 నవంబరు 2024

అన్నా నేను మెకానికల్ థర్డ్ ఇయర్. ఇంట్లో విమానం కడితే మన దేశంలో ఎగరనిస్తారా అసలు? మా లెక్చరర్ అయితే జైల్లో వేస్తారన్నారు.

తెనాలి టు టెక్సస్ | 12 నవంబరు 2024

అనుమతి లేకుండా ఎగిరితే కేసే తమ్ముడూ, కట్టడం మాత్రం నేరం కాదు. ముంబయిలో కెప్టెన్ అమోల్ యాదవ్ కాందివలీలో వాళ్ల మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టి, 2016లో మేక్ ఇన్ ఇండియా ఎగ్జిబిషన్‌లో పెట్టాడు. విమానాలకి అనుమతులిచ్చే డీజీసీఏ నుంచి రిజిస్ట్రేషన్ 2017లో, పర్మిట్ టు ఫ్లై (ఎగరడానికి అనుమతి) 2019లో వచ్చాయి. కట్టడానికి పట్టిన ఓపిక ఒక ఎత్తు, కాగితాలకి పట్టింది ఇంకో ఎత్తు. కేరళకి చెందిన అశోక్ తామరాక్షన్ బ్రిటన్‌లో తన ఇంటి దొడ్లో లాక్‌డౌన్‌లో స్లింగ్ టీఎస్ఐ కిట్ కట్టి, కూతురి పేరు మీద జీ-దియా అని పెట్టుకుని, 2022లో కుటుంబాన్ని ఎక్కించుకుని తిరిగాడు. అదీ అల్యూమినియం విమానమే.

నేనిక్కడ గ్యారేజీలో ఆర్వీ అనే కిట్ విమానం కడుతున్నా. ఇక్కడ అమెచ్యూర్ బిల్ట్ (సొంతంగా కట్టుకున్నది) అనిపించుకోవాలంటే సగానికి పైగా పని చదువు కోసమో సరదా కోసమో మనమే చేసినట్టు చూపించాలి. అందుకే శ్రీను అన్నకి నా ప్రశ్న వేరే. మీ బిల్డర్ లాగ్ ఏమైంది? ఏ రోజు ఏ రివెట్ కొట్టారు, ఏ రేకు ఎక్కడ కొన్నారు, టెస్ట్ సర్టిఫికెట్, ఫోటోలు. రేపు ఎవరికైనా చూపించాల్సి వస్తే రెక్క కన్నా ముందు అడిగేది అదే.

సింగ్‌నగర్ శ్రీను | 12 నవంబరు 2024

పుస్తకం ముద్దయిపోయింది. ఫోటోలు ఫోన్‌లో ఉన్నాయి, 4,000 పైనే, తేదీలతో సహా. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో ఉండబట్టి చదవడానికి వస్తున్నాయి. ప్లాన్ల మీద పెన్నుతో రాసుకున్న కొలతలన్నీ నీలం మరకలు.

వాడని రేకులు రెండున్నాయి, మధ్యలో కాగితం పెట్టి పడుకోబెట్టినవి. ఆ కాగితం తడిసి రెండూ అతుక్కుపోయాయి, విడదీస్తే మ్యాపులా తెల్ల మచ్చలు. రిబ్బులు ఒంచే అచ్చులు, ఎండీఎఫ్ చెక్కతో చేసుకున్నవి, పూరీల్లా పొంగాయి.

పటమట ప్రాక్టికల్ | 12 నవంబరు 2024

అయినా అమ్మరు. సరే అండి, కనీసం నా కోసం లెక్క చెప్పండి. ఇదంతా పూర్తయ్యాక ఇంజన్ ఏంటి, పెట్రోలు ఎక్కడ పోయిస్తారు, ఏ రోడ్డు మీద లేపుతారు?

తెనాలి టు టెక్సస్ | 12 నవంబరు 2024

ఈ తరహావాటికి మామూలుగా రోటాక్స్ 912 వేస్తారు, 80 లేదా 100 హార్స్ పవర్. అది మామూలు పెట్రోలు తాగుతుంది, కానీ కంపెనీ ఒప్పుకునేది పది శాతం ఇథనాల్ వరకే. మన బంకులు 20 శాతానికి వెళ్తున్నాయి కదా, అది నిజంగానే ఆలోచించాల్సిన సంగతి. దీని కోసం వేరే థ్రెడ్ పెడదాం, ఇక్కడ రెక్క మీదే ఉందాం.

సింగ్‌నగర్ శ్రీను | 24 నవంబరు 2024

ముక్కు రేకు విప్పాను. కార్తీక మాసం అని మా ఆవిడ తెల్లవారుజామున లేస్తుంటే నేనూ లేచి, తొమ్మిదింటికి ఆఫీసుకెళ్లే లోపు రోజుకి నలభై రివెట్లు చొప్పున తీశాను.

మేస్త్రి గారి ట్యూబులైటు విద్య అద్భుతం. నాలుగో రిబ్బు దగ్గర మూడు రివెట్ల మేర ఎత్తు దొరికింది, వెంట్రుక మందం. వేలికి తెలియదు, కంటికి తెలిసింది.

విప్పే పద్ధతి కొత్తవాళ్ల కోసం రాస్తున్నా. ముందు సన్నటి పంచ్‌తో నడుమనున్న ఇనుప మేకుని లోపలికి కొట్టేయాలి, లేకపోతే డ్రిల్ బిట్ దాని మీద జారి పక్కకెళ్లి రంధ్రం కోడిగుడ్డు ఆకారం అయిపోతుంది. తర్వాత 30 నంబరు బిట్‌తో తల వరకే దించాలి, తల ఉంగరంలా ఊడి బిట్‌కి తగులుకుంటుంది, మిగిలిన ముక్కని పంచ్‌తో తోసేయాలి. మొదటి రోజు తొందరపడి తొమ్మిది రంధ్రాలు పాడుచేశాను. నా రేకు 0.016 అంగుళం, అంటే 0.4 మిల్లీమీటరు, అది క్షమించదు.

లోపల ఏముందంటే, ముక్కు వంపు పొడుగునా వేలు మందాన ఎండిన బురద, చాక్లెట్ బద్దలా విరిగి వచ్చింది. దాని కింద రేకు మీద సూదితో పొడిచినట్టు గుంటలు, తెల్ల పొడి. అది ఊహించిందే. ఊహించనిది ఇంకోటి ఉంది. నాలుగో రిబ్బు మీద నేను పెన్సిల్‌తో "ఆర్ 4 ఎడమ" అని రాసుకున్నా. ఆ రాత రాసినట్టే, నా చేతి వంకరతో సహా, లోహంలోకి దిగిపోయింది. తుడిస్తే పోవట్లేదు, గోరు పెడితే అక్షరాలు తగులుతున్నాయి.

బ్రాడీపేట బాబాయ్ | 24 నవంబరు 2024

అయ్యో రామ. పెన్సిలా! మా వర్క్‌షాప్‌లో పెన్సిల్ జేబులో కనపడితేనే సార్జెంట్ విరిచేసేవాడు. పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైట్. తడి తగిలితే అల్యూమినియం, గ్రాఫైట్ కలిసి చిన్న బ్యాటరీ అయిపోతాయి, తినబడేది అల్యూమినియమే. మార్కర్ పెన్ను తప్ప ఏదీ వాడకూడదు. స్టీల్ ఉన్నితో రుద్దడం కూడా అంతే, తెగిన ఇనుప పోగులు రేకులో గుచ్చుకుని ఉండిపోతాయి. మెరూన్ రంగు స్కాచ్‌బ్రైట్ వాడు.

కానూరు కుర్రాడు | 24 నవంబరు 2024

ఫోటో పెట్టండన్నా, మా ల్యాబ్‌లో చూపిస్తా. గాల్వానిక్ కొరోజన్‌కి ఇంతకన్నా మంచి ఉదాహరణ మా పుస్తకంలో లేదు.

మెటలర్జీ మేడమ్ | 25 నవంబరు 2024

ముక్కు రేకు గురించి ఆలోచించకండి, పారేయండి. 0.4 మిల్లీమీటర్ల రేకులో గుంట తీసి నున్న చేస్తే మిగిలేదేమీ ఉండదు. ఆ రిబ్బులూ అంతే, మళ్లీ ఒంచుకోండి. స్పార్, అంటే రెక్క పొడుగునా బరువు మోసే దూలం, దాని సంగతి చెప్పండి, అది ముఖ్యం.

సింగ్‌నగర్ శ్రీను | 15 డిసెంబరు 2024

స్పార్ వరకు వచ్చాను. మేడమ్ అడిగిన "దాదాపు" ఇక్కడే బయటపడింది. 2022 వేసవిలో ప్రైమర్ డబ్బా అయిపోయింది, కొరియర్ ఆలస్యమైంది, కింది యాంగిల్‌లో ఒక జానెడు మేర ప్రైమర్ లేకుండానే రివెట్ కొట్టేశాను. ఫోన్ తీసి వెతికితే ఫోటో ఆ రోజు తేదీతో సహా ఉంది. మిగతా స్పార్ మొత్తం కొత్తదానిలా ఉంది, ప్రైమర్ ఉన్న చోట బురద తుడిస్తే పోయింది. ఆ జానెడు దగ్గర మాత్రం గుంటలు. యాంగిల్ మందం 3 మిల్లీమీటర్లు, గుంట లోతు డయల్ గేజ్‌తో చూస్తే 0.1 లోపే. పగుళ్లలోకి దిగే రెడ్ డై కొట్టి పదిహేను నిమిషాలు ఆగి, దాన్ని బయటికి చూపించే డెవలపర్ వేశాను, పగులు గీత ఏదీ రాలేదు, గుంటలు మాత్రం ఎర్ర చుక్కలుగా తేలాయి.

నున్నగా రుద్ది ప్రైమర్ వేసి ఉంచేయొచ్చా?

తెనాలి టు టెక్సస్ | 15 డిసెంబరు 2024

0.1 అంటే మూడు శాతం. పొడుగ్గా, వాలుగా రుద్ది కలిపేస్తే పెద్ద విమానాల రిపేరు పుస్తకాల్లో కూడా కొంతవరకు ఒప్పుకుంటారు. నేనైతే డిజైనర్‌కి మెయిల్ పెట్టి అడిగేవాణ్ని.

బ్రాడీపేట బాబాయ్ | 15 డిసెంబరు 2024

ఆ జానెడు స్పార్‌లో ఎక్కడుంది? ముందు అది చెప్పు.

సింగ్‌నగర్ శ్రీను | 15 డిసెంబరు 2024

స్ట్రట్ (రెక్కని కింద నుంచి పట్టి ఉంచే కడ్డీ) బ్రాకెట్ తగిలే చోటు నుంచి బయటికి నాలుగు అంగుళాలు.

బ్రాడీపేట బాబాయ్ | 15 డిసెంబరు 2024

అయితే మార్చు. స్ట్రట్ ఉన్న రెక్కలో వంపు బలం ఎక్కువగా పడేది ఆ చుట్టుపక్కలే. గాల్లో రెక్క పైకి వంగుతుంది, పైనున్న యాంగిల్ నొక్కుకుంటుంది, కిందది సాగుతుంది. సాగే లోహంలో ప్రతి గుంటా పగులుకి మొదలు. ఇవాళ డైలో పగులు కనపడలేదంటే దాని మీద ఇంకా బరువే పడలేదు కదా, ఎందుకు కనపడుతుంది? రెక్క చివర్లో అయితే రుద్దుకోమనేవాణ్ని.

ఆటోనగర్ మేస్త్రి | 16 డిసెంబరు 2024

యాంగిల్ కావాలంటే మా దగ్గర హెచ్ఈ30 దొరుకుతుంది అన్నా మంచి గట్టి సరుకు ఎంత పొడుగు కావాలో చెప్పు నేను ఇప్పిస్తా.

మెటలర్జీ మేడమ్ | 16 డిసెంబరు 2024

మేస్త్రి గారూ, హెచ్ఈ30 మంచి లోహమే, దాని ఇంకో పేరు 6082, టీ6 చేస్తే, అంటే వేడి చేసి గట్టిపరిస్తే, బలంలో 6061కి తీసిపోదు. కానీ కొట్టులో ఉన్న ఆ ముక్క నిజంగా టీ6 అవునో కాదో చూసి చెప్పలేం, కాగితం ఉండదు. బస్సు కిటికీకి ఆ తేడా పట్టదు, ఇక్కడ పడుతుంది. శ్రీను గారూ, మొదట రేకు కొన్న చోటే సర్టిఫికెట్‌తో తెప్పించండి.

ఆటోనగర్ మేస్త్రి | 16 డిసెంబరు 2024

నిజమే మేడమ్. పాత స్పార్ విప్పడానికి మనిషి కావాలంటే నేనొస్తా అన్నా ఆదివారం ఖాళీ.

సింగ్‌నగర్ శ్రీను | 16 ఫిబ్రవరి 2025

ఆలస్యానికి క్షమించండి, సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక యాంగిల్ వచ్చింది. మేస్త్రి గారు మూడు ఆదివారాలు వచ్చారు. ఆయన డ్రిల్ పట్టుకునే తీరు చూస్తే నాకు సిగ్గేసింది, నేను తొమ్మిది రంధ్రాలు పాడుచేసిన పనిలో ఆయన ఒక్కటీ పాడుచేయలేదు. పాడైనవాటిలో రేకు రంధ్రాలు రేకుతో పాటే పోయాయి, స్పార్ రేకు మీద ఉన్న రెండింటికి మాత్రం ఒక సైజు పెద్ద రివెట్, 5/32 వేశాను. రంధ్రం నడుమ నుంచి రేకు అంచుకి రివెట్ మందానికి రెండింతలు ఉండాలి కదా, కొలిచాను, సరిపోయింది.

కొత్త యాంగిల్‌తో స్పార్ తయారైంది. ఈసారి ప్రైమర్ రెండు డబ్బాలు ముందే తెప్పించాను. బోల్టులు, కంట్రోల్ కేబుళ్లు, బేరింగులు, నీళ్లు తాకిన ఇనుము ఏదైతే ఉందో అంతా పక్కన పడేశాను, ఎఎన్3 రకం విమాన బోల్టులు చూడ్డానికి బాగానే ఉన్నా కూడా. మిగిలిన రేకులో వెనక సగం పనికొచ్చింది. "ఆర్ 4 ఎడమ" రిబ్బు మాత్రం పారేయలేదు, షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించాను. ఇకపై పని షెడ్డులో, నిల్వ మాత్రం మొదటి అంతస్తు వరండాలో. అందుకని మెట్ల మలుపు కొలిచాను, రెక్క ఎక్కదు, డాబా మీదినుంచి తాళ్లతో లాగాలి.

బాబాయ్ గారూ, రేకు మూసేముందు మీరొకసారి వచ్చి లోపల చూస్తే బాగుంటుంది. మూసేశాక ఎవరు చూసినా ఒకటే. ఇంకోటి, మా దగ్గర క్లీకోలు (రివెట్ కొట్టేదాకా రేకుల్ని పట్టి ఉంచే క్లిప్పులు) తక్కువ పడుతున్నాయి, వెండి రంగువి కాదు, రాగి రంగువి, 1/8 సైజు. ఎవరి దగ్గరైనా ఓ వంద ఉంటే నెల రోజులకి అప్పు కావాలి.

బ్రాడీపేట బాబాయ్ | 16 ఫిబ్రవరి 2025

శనివారం పొద్దున పది గంటలకి వస్తా. అద్దం, టార్చి నావి తెచ్చుకుంటా. షుగరు ఉంది, టీలో పంచదార వద్దని మీ ఆవిడకి ముందే చెప్పు.

కానూరు కుర్రాడు | 16 ఫిబ్రవరి 2025

తాళ్లతో లాగే రోజు చెప్పండన్నా, హాస్టల్ నుంచి ఎనిమిది మందిమి వస్తాం.

పటమట ప్రాక్టికల్ | 17 ఫిబ్రవరి 2025

రాగి రంగువి నా దగ్గర 60 ఉన్నాయి. ఎలా ఉన్నాయని అడగొద్దు. 2014లో నేను కూడా ఒక తోక కట్టి ఆపేశాను. పటమట వచ్చి తీసుకెళ్లండి.